మధ్య గడిలో ఏం రాశావ్?

చిన్న కాగితం పొట్లం. అందులో చెంచాడైనా లేని తెల్లపొడి. పొట్లం మీద ఒక అంకె, అంతే. లోపలున్నది మామూలు ఉప్పు కావచ్చు, పటిక కావచ్చు, నవసాగరం కావచ్చు, ముట్టుకుంటే చెయ్యి శుభ్రంగా కడుక్కోవాల్సిన లెడ్ నైట్రేటూ కావచ్చు. కంటికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. రుచి చూడ్డం నిషేధం. పక్కవాణ్ని అడిగి లాభం లేదు, వాడి అంకె వేరు. మూడు గంటలు గడిచేలోగా అందులో ఏ లోహమో అమ్మోనియమో ఉందో, దానికి జతగా ఏ ఆమ్లం తాలూకు అయాన్ ఉందో తేల్చి చెప్పాలి.

తెలుగునాట సైన్సు గ్రూపు తీసుకున్న వాళ్ళెవరికీ ఇదేమిటో వివరించనక్కర్లేదు. సాల్ట్ ఎనాలిసిస్. ఇంటర్లో సింపుల్ సాల్ట్, అంటే ఒక లోహం, ఒక ఆమ్ల అయాన్. డిగ్రీకొచ్చేసరికి మిక్చర్, రెండేసి చొప్పున నాలుగు. చాలామందికి అదో గండం. ఎలాగోలా గట్టెక్కితే చాలు. ఈ వ్యాసకర్తకు మాత్రం కాలేజీ చదువు మొత్తమ్మీద ఇష్టమైన క్లాసు అదే. ఇలాంటి వాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ నలుగురైదుగురు ఉంటారు. బెల్లు కొట్టాక కూడా సింకు దగ్గర తచ్చాడుతూ, అటెండర్ చేత చీవాట్లు తినే బాపతు.

ఆ ఇష్టానికి కారణం రంగులూ, పొగలూ అనుకోవడం సహజమే. అవీ ఉన్నాయి. కానీ అసలు సంగతి రికార్డు పుస్తకంలో ఉంది. పేజీని నిలువుగా మూడు గడులు చేస్తారు. ఎడమ గడిలో ప్రయోగం, మధ్య గడిలో పరిశీలన, కుడి గడిలో అనుమితి. సాల్ట్ మీద సజల హైడ్రోక్లోరికామ్లం పోశాను. బుసబుసా పొంగింది. కార్బొనేట్ ఉండవచ్చు. ఈ ‘ఉండవచ్చు’ దాటి ‘ఉంది’ అని రాసే హక్కు నిర్ధారణ పరీక్ష అయ్యాకే వస్తుంది. మిగతా క్లాసులన్నీ కుడి గడి చుట్టూ తిరుగుతాయి. జవాబు ఏమిటి, ఎన్ని మార్కులు, అంతే. కళ్ళతో చూసిందాన్నీ, మనసులో అనుకున్నదాన్నీ రెండు వేరు గళ్ళలో రాయమన్న క్లాసు ఇదొక్కటే.

వినడానికి తేలిక. చెయ్యబోతే తెలుస్తుంది, మధ్య గడి ఎంత జారుడు నేలో.

బ్రౌన్ రింగ్ టెస్టునే తీసుకుందాం. నైట్రేట్‌కు ఇది పేరుమోసిన పరీక్ష. సాల్ట్ ద్రావణంలో అప్పటికప్పుడు కలిపిన ఫెర్రస్ సల్ఫేట్ పోస్తారు. నిన్నటిది పనికిరాదు, గాలి తగిలి పాడవుతుంది. టెస్ట్‌ట్యూబును వాల్చి పట్టుకుని గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని గోడ వెంట బొట్టుబొట్టుగా జారవిడుస్తారు. ఆమ్లం బరువుగా అడుక్కి చేరుతుంది. రెండు ద్రవాలూ కలిసేచోట గోధుమరంగు వలయం కడుతుంది. చెయ్యి వణికి ట్యూబు కదిలిందా, వలయం చెదిరిపోతుంది. పక్కబల్ల మీది స్నేహితుడికి చూపించేలోగా మాయమైపోతే, చూశానని ఒట్టేసినా నమ్మేవాళ్ళుండరు. అయితే వలయం కట్టినంత మాత్రాన నైట్రేట్ ఉన్నట్టా? సాల్ట్‌లో బ్రోమైడో అయోడైడో ఉన్నా గాఢామ్లం తగలగానే బ్రోమిన్, అయోడిన్ విడుదలై అదే చోట గోధుమ పొర కనబడుతుంది. అక్కడ మధ్య గడిలో ‘గోధుమ వలయం’ అని రాసినవాడిది తప్పు కాదు. తొందరపడి కుడి గడి నింపినవాడిదే తప్పు.

ఈ సాల్ట్ ఎనాలిసిస్ పద్ధతి అంతటికీ మూలం ఒక విద్యార్థి నోట్సు అంటే నమ్మబుద్ధి కాదు. జర్మనీలో బాన్ నగరంలో చదువుకుంటున్న కార్ల్ రెమీగియస్ ఫ్రెజేనియస్ అనే కుర్రాడు, ఏ సాల్ట్‌ను ఏ వరుసలో పరీక్షిస్తే పొరపడకుండా తేలుతుందో సొంత వాడకం కోసం రాసుకున్నాడు. అది 1841లో పుస్తకమై అచ్చయింది. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. తర్వాత అతను గీసెన్ వెళ్ళి జస్టస్ లీబిగ్ దగ్గర సహాయకుడిగా చేరాడు. ఆ లీబిగ్ కూడా 1824లో 21వ ఏట ప్రొఫెసరైనవాడే. ప్రయోగశాల అంటే ప్రొఫెసర్ గారి సొంత వంటిల్లులా ఉండే కాలంలో, విద్యార్థులందరినీ లోపలికి పిలిచి చేతికి గాజుసామాను ఇచ్చిన ఘనత అతనిది. ఫ్రెజేనియస్ పుస్తకం ముద్రణ మీద ముద్రణ పడి అనేక భాషల్లోకి వెళ్ళింది. 1848లో అతను వీస్‌బాడెన్‌లో సొంత ల్యాబు పెట్టాడు. మన కాలేజీల్లో జిరాక్సుల మీద జిరాక్సులు తీసి అక్షరాలు అలుక్కుపోయిన గ్రూపుల పట్టికకు వంశవృక్షం గీస్తే, వేరు ఆ కుర్రాడి దగ్గరే తేలుతుంది.

ఇంతకీ ఆ పట్టికలో ఉన్న తెలివి ఏమిటి? లోహాలను ఒక్కొక్కటే పట్టుకోవడం కష్టం కాబట్టి గుంపులుగా విడగొడతారు. మొదట సజల హైడ్రోక్లోరికామ్లం. సీసం, వెండి లాంటివి తెల్లటి అవక్షేపంగా దిగిపోతాయి. వడగట్టి, మిగిలిన ఆమ్లద్రావణంలోకి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే రెండో గ్రూపు దిగుతుంది. రాగి నల్లగా, కాడ్మియం పసుపుగా, ఆంటిమొనీ నారింజరంగులో. ఆ తర్వాత అమ్మోనియం క్లోరైడ్, దాని వెనక అమ్మోనియా ద్రావణం. ఇనుము ఎర్రమట్టి రంగులో, అల్యూమినియం గంజిముద్దలా తెల్లగా తేలుతుంది. మళ్ళీ హైడ్రోజన్ సల్ఫైడ్, ఈసారి క్షార ద్రావణంలో. జింక్, మాంగనీస్, నికెల్, కోబాల్ట్ ఇక్కడ దొరుకుతాయి. పిదప అమ్మోనియం కార్బొనేట్‌తో బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం. చిట్టచివర మెగ్నీషియం.

చురుకైన విద్యార్థికి ఇక్కడొక సందేహం రావాలి. రాగినీ జింకునూ దింపేది ఒకే వాయువు. మరి రెండో గ్రూపులో రాగి దిగినప్పుడు జింక్ ఎందుకు ఊరుకుంది? జవాబు పైఅంతస్తులో, థియరీ క్లాసులో, సుద్దముక్కతో రాసిన కామన్ అయాన్ ఎఫెక్ట్‌లో ఉంది. ద్రావణంలో ఆమ్లం ఎక్కువైతే హైడ్రోజన్ సల్ఫైడ్ సరిగ్గా విడిపోలేదు. సల్ఫైడ్ అయాన్లు అతి కొద్దిగా మాత్రమే దొరుకుతాయి. ఆ కొద్దిపాటి కూడా రాగికి సరిపోతుంది. కాపర్ సల్ఫైడ్ ద్రావణీయతా లబ్ధం రాయాలంటే దశాంశ బిందువు తర్వాత ముప్పైకి పైగా సున్నాలు పెట్టాలి మరి. జింక్ సల్ఫైడ్‌ది అంతకంటే కోట్ల రెట్లు పెద్దది కాబట్టి దానికి ఆ కాసిని అయాన్లు చాలవు. ఆమ్లాన్ని తీసేసి అమ్మోనియా పోశాక సల్ఫైడ్ అయాన్లు ఒక్కసారిగా పెరిగి జింక్ కూడా లొంగుతుంది. ముందు అమ్మోనియం క్లోరైడ్, తర్వాతే అమ్మోనియా అన్న వరుసలోనూ ఇదే కిటుకు. తారుమారు చేస్తే చివర్లో దొరకాల్సిన మెగ్నీషియం మధ్యలోనే దిగి అందర్నీ బోల్తా కొట్టిస్తుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు తరతరాలుగా అడుగుతున్న ప్రశ్న ఇదే. థియరీలో బట్టీపట్టిన సూత్రం టెస్ట్‌ట్యూబులో నల్లగా దిగడం చూసిన రోజున, ఆ రెండు గదుల మధ్య మెట్లు ఉన్నాయని చాలామందికి తొలిసారి తెలుస్తుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ అనగానే వాసన గుర్తుకు రాకపోతే ఆ మనిషి ల్యాబుకు ఎగనామం పెట్టినట్టే. కుళ్ళిన గుడ్డు కంపు. దాన్ని తయారుచేసే కిప్స్ అపరేటస్ మాత్రం చూడముచ్చటైన వస్తువు. ఒకదానిమీద ఒకటిగా మూడు గాజు గోళాలు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ ఊళ్ళో మందుల దుకాణం నడిపిన పెట్రుస్ కిప్ 1844లో రూపొందించాడు. మధ్య గోళంలో ఐరన్ సల్ఫైడ్ ముక్కలు, పై గోళంలోనూ కింది గోళంలోనూ ఆమ్లం. కుళాయి తిప్పితే ఆమ్లం ముక్కల్ని తాకి వాయువు పుడుతుంది. కుళాయి కడితే లోపల పెరిగిన వాయువే ఆమ్లాన్ని వెనక్కి నెట్టి పని ఆపేస్తుంది. కరెంటు లేదు, కాపలా లేదు. ఆ వాయువుతో ఆటలు మాత్రం వద్దు. కాస్త ఉన్నప్పుడే ముక్కు పట్టేస్తుంది గానీ, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది. వాసన పోయిందంటే ప్రమాదం పోయినట్టు కాదు, ఒక్కోసారి పెరిగినట్టు. ఆడపిల్లల వెండి పట్టీలూ ఉంగరాలూ ఆ గదిలో నల్లబడేవి. సిల్వర్ సల్ఫైడ్‌కు అంతకంటే మంచి పరీక్ష లేదు. సిలబస్‌లో లేకపోయినా.

అందం విషయానికొస్తే సీసానిదే మొదటి బహుమతి. లెడ్ ఉన్న ద్రావణంలో పొటాషియం అయోడైడ్ వేస్తే చిక్కటి పసుపు అవక్షేపం దిగుతుంది. చాలామంది ‘పసుపు అవక్షేపం, లెడ్’ అని రాసేసి లేచిపోతారు. ఓపికున్నవాళ్ళు దానికి ఇంకాస్త నీళ్ళు చేర్చి మరిగిస్తారు. పసుపంతా కరిగి ద్రావణం తేటనీరైపోతుంది. ఆ ట్యూబును కుళాయి ధార కింద పట్టుకుని మెల్లగా తిప్పితే, ఎక్కడినుంచో బంగారు రేకులు పుట్టి మిలమిలా మెరుస్తూ కిందికి రాలతాయి. ల్యాబు మాన్యువల్‌లో ఇదంతా ఒక్క ముక్క. పరీక్షలో దీనికి ప్రత్యేకంగా ఎక్కువ మార్కులేం లేవు. అయినా ఒకసారి చూసినవాడు రెండోసారి చెయ్యకుండా ఉండలేడు.

అల్యూమినియం లేక్ టెస్టులో రంగులేని ద్రవం మధ్య నీలిముద్ద తేలుతుంది. నికెల్‌కు డైమిథైల్ గ్లయాక్సీమ్ వేస్తే గులాబీ ఎరుపు. 1905లో రష్యన్ శాస్త్రవేత్త లెవ్ చుగాయెవ్ కనిపెట్టింది. అమ్మోనియం ఉందేమోనన్న అనుమానానికి తడిపిన పసుపు కాగితం చాలు, క్షారం ఆవిరి తగలగానే ఎర్రబారుతుంది. దిష్టి తీయడానికి పసుపునీళ్ళలో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసే ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలకు ఇదేమంత వింత కాదు.

జ్వాలా పరీక్ష కథ వేరు. అది నేరుగా గుంటూరు దాకా వస్తుంది.

సాల్ట్‌ను గాఢ హైడ్రోక్లోరికామ్లంతో ముద్దచేసి మంటలో పెడితే కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం రక్తవర్ణం, బేరియం పచ్చి ఆపిల్ రంగు, రాగి నీలి ఆకుపచ్చ. చిక్కంతా సోడియంతోనే. దాని పసుపు మంట ముందు ఏదీ ఆగదు. చేతి చెమట తగిలినా చాలు, మంట పచ్చబడిపోతుంది. సోడియం వెనక దాక్కున్న పొటాషియం లేత ఊదా రంగును చూడాలంటే నీలి కోబాల్ట్ గాజు అడ్డుపెట్టుకోవాలి. హైడెల్‌బర్గ్‌లో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బున్సెన్‌కు ఈ అవస్థ బాగా తెలుసు. రంగులేని మంట కావాలని అతను అడిగితే విశ్వవిద్యాలయ మెకానిక్ పీటర్ డెసాగా 1855లో చేసిపెట్టిందే మన బన్సెన్ బర్నర్. సహచరుడు గుస్టాఫ్ కిర్కాఫ్ ఆ మంటను నేరుగా కంటితో కాక పట్టకం గుండా చూద్దామన్నాడు. పట్టకంలో ప్రతి మూలకం తన గీతలు తాను గీసింది. మిల్లీగ్రాములో ముప్పై లక్షల వంతు సోడియం లవణం ఉన్నా పట్టుబడింది. 1860లో డుర్క్‌హైమ్ ఊటనీటి లవణాల్లో ఎవరికీ చెందని నీలి గీతలు కనబడితే, దాదాపు 44 టన్నుల నీటిని ఇగిర్చి ఆ గీతల సొంతదారును బయటికి లాగారు. అది సీజియం. చేతికొచ్చిన లవణం కొన్ని గ్రాములే.

ఎనిమిదేళ్ళ తర్వాత, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం కోస్తాంధ్ర మీదుగా వెళ్ళింది. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. చంద్రుడు సూర్యుణ్ణి మూసేసినప్పుడు అంచున ఎగసే ఎర్రటి జ్వాలల్ని పట్టకంలో చూస్తే విడివిడి గీతలు కనబడ్డాయి. అంటే అది వేడెక్కి వెలిగే వాయువు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని జాన్సన్‌కు తట్టింది. మర్నాడే చూశాడు కూడా. వాటి మధ్య ఒక పసుపు గీత ఉంది. సోడియం గీతల పొరుగునే ఉండడంతో సోడియమే అనుకోవడం అందరికీ సులువైంది. గీత స్థానం సోడియంతో సరిగ్గా కలవడం లేదని గమనించిన కొద్దిమందిలో పాగ్సన్ ఒకడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ గ్రహణంతో పని లేకుండానే ఆ గీతను చూసి, భూమ్మీద తెలిసిన ఏ మూలకంతోనూ ఇది పొసగదన్నాడు. ఆ తెలియని మూలకానికే హీలియం అన్న పేరు వచ్చింది. చాలామంది నమ్మలేదు. 27 ఏళ్ళకు, 1895లో, లండన్‌లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును పట్టుకున్నాకే నోళ్ళు మూతబడ్డాయి.

హీలియంను గుంటూరులో కనిపెట్టారని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఊరి మీద అభిమానం మంచిదే కానీ, సాల్ట్ ఎనాలిసిస్ చేసినవాడు ఆ మాటను కొంచెం సవరించుకోవాలి. గుంటూరులో, మచిలీపట్నంలో జరిగింది మధ్య గడి పని. కుడి గడి ఇంగ్లండులో నిండింది. నిర్ధారణ పరీక్ష 1895లో అయింది. ఇందులో గుంటూరుకు వచ్చిన నామోషీ ఏమీ లేదు. మధ్య గడి సరిగ్గా నింపినవాళ్ళు లేకపోతే లాకియర్ మాటకు దన్ను ఎక్కడిది?

ఇక ఈ క్లాసు కుళ్ళు గురించి కూడా చెప్పుకోవాలి. సాల్ట్ పేరు ముందే తెలిసిపోతే రికార్డును వెనకనుంచి ముందుకు రాసేయొచ్చు. పేరు తెలుసుకునే దారులు బోలెడు. నీలి స్ఫటికాలైతే మైలుతుత్తం, ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఏ అంకెకు ఏ సాల్టో సీనియర్ల దగ్గర జాబితా ఉంటుంది. అటెండర్ మంచి మూడ్‌లో ఉంటే కనుసైగ చాలు. పేరు చేతికి రాగానే మూడు గళ్ళూ చకచకా నిండుతాయి. జరగని బుసబుసలు, రాని వలయాలు, చూడని మంటలు అన్నీ పొందిగ్గా మధ్య గడిలో కూర్చుంటాయి. అసలు ట్యూబులు కడగాల్సిన పనే పడదు. కొన్ని జూనియర్ కాలేజీల్లోనైతే ఎంట్రెన్స్ కోచింగుల హడావుడిలో ల్యాబు తాళం పరీక్షల ముందు తప్ప తీయరు. అక్కడి పిల్లలకు వెనకనుంచి రాయడమే పద్ధతి. వేరే పద్ధతి ఒకటుందని చెప్పేవాళ్ళెవరు?

ఆ అలవాటు ల్యాబు గుమ్మం దగ్గర ఆగితే పర్వాలేదు. ఆగదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన మన పిల్లలు ఎంతోమంది పాశమైలారం, జీడిమెట్ల, పరవాడల్లోని మందుల ఫ్యాక్టరీల్లో క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో పనిచేస్తున్నారు. ఇండియన్ ఫార్మకోపియాలో క్లోరైడ్‌కు, సల్ఫేట్‌కు లిమిట్ టెస్టులున్నాయి. సిల్వర్ నైట్రేట్‌తో తెల్లటి మసక, బేరియం క్లోరైడ్‌తో తెల్లటి మసక. అచ్చం కాలేజీలో చేసినవే. గత దశాబ్దంన్నరగా అమెరికా ఎఫ్‌డీఏ మన దేశపు మందుల ఫ్యాక్టరీలకు పంపిన హెచ్చరిక లేఖల్లో పదేపదే కనబడే అభియోగం డేటా ఇంటెగ్రిటీ. ఎవరు రాశారు, రాసింది చదవడానికి వీలుగా ఉందా, పని చేస్తున్నప్పుడే రాశారా, అసలు ప్రతేనా, ఉన్నది ఉన్నట్టు రాశారా? తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగేది ఈ ఐదే. మొదటి ఏడాది కెమిస్ట్రీ ల్యాబులో మంచి లెక్చరర్ అడిగేది కూడా ఇంతకంటే వేరు కాదు. ‘చూసి రాశావా, రాసి చూశావా?’ అన్న వెటకారం ఆయన సొంతం, అంతే తేడా.

ఈ క్లాసుకు కాలం చెల్లిందనేవాళ్ళ వాదనలో పస లేకపోలేదు. నీటి చుక్కలో ఏ లోహం ఎంతుందో చెప్పే యంత్రాలు వచ్చాక గ్రూపుల పట్టికతో ఏ పరిశ్రమా ఏ ఖనిజాన్నీ తేల్చడం లేదు. పైగా సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ కలిసిన నీళ్ళను ఏళ్ళతరబడి సింకుల్లోంచి ఊరి కాలువల్లోకి వదిలిన పాపం కాలేజీలదే. సెమీ మైక్రో పద్ధతి వచ్చి చెంచాల లెక్క చుక్కల్లోకి దిగడం, విషపు లోహాలను జాబితాలోంచి తప్పించడం మేలే చేశాయి. చుక్కల్లో చేసినా బంగారు రేకులు మెరుస్తాయి. కంప్యూటర్ తెర మీద మౌస్‌తో టెస్ట్‌ట్యూబు వంచే వర్చువల్ ల్యాబుల విషయంలో మాత్రం ఈ వ్యాసకర్త రాజీపడడు. అందులో బ్రౌన్ రింగ్ ప్రతిసారీ వస్తుంది. చెయ్యి వణకదు, ఫెర్రస్ సల్ఫేట్ పాతబడదు, అయోడైడ్ మోసం చెయ్యదు. మధ్య గడి ముందే నిండిపోయి ఉంటుంది.

మెగ్నీషియం సంగతి చూడండి. డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ వేశాక తెల్లటి స్ఫటికాలు వెంటనే రావు. గాజు కడ్డీతో ట్యూబు లోపలి గోడను గీకుతూ ఉండాలి. గీకిన గరుకుల వెంట స్ఫటికాలు మొదలవుతాయి. ఎంతసేపు గీకాక ‘రాలేదు’ అని రాయొచ్చు? పుస్తకం చెప్పదు. పక్కవాడు ఐదు నిమిషాలకే రాలేదని రాసి ఇంటికెళ్ళాడు, ఇంకొకడు పావుగంట గీకాక వచ్చిందని రాశాడు. ఇద్దరిదీ ఒకే సాల్ట్ అయితే లెక్చరర్ ఎవరికి మార్కులెయ్యాలి?

పాతతరం ఎగ్జామినర్లలో కొందరు దీనికి తమదైన దారి చూసుకున్నారు. సాల్ట్ పేరు తప్పినా రికార్డు చదివేవారు. ట్యూబును స్టాండులోనే ఉంచమని, అందులో ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ పోల్చి చూసేవారు. ‘ఐదు నిమిషాలు గీకాను, రాలేదు’ అని రాసినవాడికి సగం పైగా మార్కులిచ్చేవారు. పేరు సరిగ్గా రాసి, ట్యూబు పొడిగా ఉన్నవాణ్ని కూర్చోబెట్టి మళ్ళీ చేయించేవారు. ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్షల పద్ధతి మార్చాలనుకునేవాళ్ళు కొత్త పరికరాల బడ్జెట్ గురించి మాట్లాడే ముందు ఈ పని మొదలుపెట్టొచ్చు. పైసా ఖర్చు లేదు. కాకపోతే ఎగ్జామినర్ బ్యాచికో కాఫీ తాగేసి సంతకాలు పెట్టడం మానేసి, మూడు గంటలూ బల్లల మధ్య తిరగాల్సి వస్తుంది.